కొండమీది గూడెమునకు ఆరోగ్య సేవ

(కొండ ప్రాంతపు పంచాయతీ సభ్యులు, మహిళా సంఘముల వారు కూడిన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ము పిలిచినారు. మేము వైద్యులము కాము. ప్రభుత్వము చేయుచున్న పనిని ప్రజలకు తెలియజెప్పుట, ప్రజలు అనుకొనుచున్న దానిని ప్రభుత్వమునకు వినిపించుట మా శాఖ వారి ఉద్యోగము. కావున మందుల పేర్లు, రోగముల పేర్లు మా నోట ఎక్కువగా రావు. నేడు ఒక మనిషిని గూర్చి మాత్రము ముచ్చటింపదలచినాము. ఆమె మీ ఊరి ఆడపడుచే, లేదా మీ ఊరి కోడలే. భుజమున ఒక సంచి, చేతిలో ఒక పుస్తకము, కాలికి చెప్పులుండిన ఉండును, లేకున్న లేదు. మీరామెను ఆశమ్మ అని పిలుచుచున్నారు. సర్కారు కాగితములలో ఆమె పేరు ఆశా కార్యకర్త.

ముందుగా దూరము సంగతి చెప్పుకొందము. పట్టణమున నుండువారు దూరమును కిలోమీటర్లలో కొలుతురు. కొండమీది గూడెమున నుండువారికి ఆ లెక్క పనికిరాదు. ఎనిమిది కిలోమీటర్లనగా ఎండకాలమున రెండు గంటల నడక. వానకాలమున గెడ్డ పొంగినచో అది ఒక దినము కావచ్చును, రెండు దినములు కావచ్చును. పగటి దూరము వేరు, రాత్రి దూరము వేరు. నొప్పులు పడుచున్న తల్లిని డోలీలో మోసికొనివచ్చు నలుగురికి ఆ దూరము మరియు వేరు. 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మన రాష్ట్రమున 108 అంబులెన్సు సేవ ప్రారంభమైనది. అది లక్షల ప్రాణములను ఆదుకొన్నది. అయినను ఆ బండి రోడ్డు ఉన్నంతవరకే వచ్చును. రోడ్డు ఆగిపోయిన చోటి నుండి ఇంటి గడప వరకు ఎవరున్నారు? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు మన దేశమునకు చాల సంవత్సరములు పట్టినది.

స్వాతంత్ర్యమునకు ముందే, 1946లో, భోర్ కమిటీ వారు పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు కావలెనని సిఫార్సు చేసిరి. 1952 అక్టోబరు 2వ తేదీన సమష్టి అభివృద్ధి పథకము మొదలైన పిమ్మట ఆ కేంద్రములు ఒక్కొక్కటిగా వెలసినవి. నేటి లెక్క ప్రకారము మైదానమున ముప్పది వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, కొండ ప్రాంతములందు ఇరువది వేల మందికి ఒకటి ఉండవలెను. ఉపకేంద్రమైనచో మైదానమున ఐదు వేల మందికి, కొండలలో మూడు వేల మందికి. లెక్క మంచిదే. కాని కొండలలో మూడు వేల మంది ఒకచోట నుండరు. ఇరువది గూడెములలో, మూడు కొండల మీద చెదరియుందురు. నర్సమ్మగారు ఎంత కష్టజీవియైనను ఇరువది గూడెములలో ఒకే రాత్రి ఉండజాలదు గదా!

అందుచేత గ్రామములోని మనిషినే ఆరోగ్య సేవకు తయారు చేయవలెనను ఆలోచన వచ్చినది. 1977 అక్టోబరు 2వ తేదీన కేంద్ర ప్రభుత్వము అట్టి పథకము నొకదానిని దేశమంతట ప్రారంభించెను. వేయిమంది జనాభాకు ఒక గ్రామ ఆరోగ్య కార్యకర్త. మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల భృతి, చిన్న మందులపెట్టె. తరువాత వారికి గ్రామ ఆరోగ్య మార్గదర్శి యని పేరు మార్చిరి. ఆ పథకము నిలువలేదు. 2002లో కేంద్రము దానికి నిధులు నిలిపివేసినది. ఎందుకు నిలువలేదో మీ వంటి పంచాయతీ పెద్దలు తప్పక తెలిసికొనవలెను. ఎన్నుకొనబడిన వారిలో అధిక భాగము పురుషులు. తల్లులతో, పురిటి గదులతో చేయవలసిన పనికి మగవారిని నియమించిన ఏమి లాభము? మరియు చాలచోట్ల ఊరి పెద్ద తన బంధువునకు ఆ స్థానమును ఇప్పించుకొనెను. పెట్టెలోని మందులు అయిపోయిన తరువాత మరల నింపువారు లేరు. ఊరివారు అతనిని తమ మనిషిగా ఎంచలేదు, ఆస్పత్రివారు తమ మనిషిగా ఎంచలేదు. పథకములు ఎప్పుడును కాగితము మీద చెడవు; మనిషిని ఎన్నుకొను నాడు చెడును. ఇది మా అభిప్రాయము.

అదే కాలమున మహారాష్ట్రమున వేరొక ప్రయత్నము జరుగుచుండెను. 1970లో డాక్టరు రజనీకాంత్ ఆరోలే, డాక్టరు మేబెల్ ఆరోలే దంపతులు జామ్‌ఖేడ్ అను కరవు ప్రాంతమున పని మొదలుపెట్టిరి. ఊరి స్త్రీలనే, చదువు రానివారిని, అంటరానివారని త్రోసివేయబడిన కుటుంబముల వారిని సైతము, పిలిచి ఆరోగ్య సేవికలుగా తయారు చేసిరి. 1979లో ఆ దంపతులకు మెగసెసే బహుమానము లభించినది. వారి కథ పెద్దది. దానిని మరొకనాడు చెప్పుకొనవచ్చును. మనకు పొరుగున జరిగిన మరొక కథను కొంచెము విపులముగా చెప్పవలసియున్నది.

కాళేశ్వరమునకు ఎదుట, గోదావరి ప్రాణహితల ఆవలి గట్టున, సిరొంచ ఉన్నది. అక్కడ తెలుగు మాటలాడువారు చాలమంది. ఆ సిరొంచ గడ్చిరోలి జిల్లాలోనిది. ఆ జిల్లా అంతయు అడవి. గోండులు, మాడియాలు నివసించు సీమ. 1986లో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ అను దంపతులు ఆ జిల్లాకు వచ్చి, ‘సెర్చ్’ అను సంస్థను నెలకొల్పి, గడ్చిరోలి పట్టణ పరిసర గ్రామములందు పని ప్రారంభించిరి. పెద్ద చదువులు చదివి, విదేశములకు పోయి వచ్చినవారు. ఏ నగరమునందైనను వారికి కొలువు దొరకియుండును. వారు చేసిన మొదటి పని ఆస్పత్రి కట్టుట కాదు, లెక్క తీయుట. ఏ ఊరిలో ఎందరు పుట్టిరి, ఎందరు పోయిరి, ఏ కారణమున పోయిరి అని ఇంటింట వ్రాసికొనిరి. లెక్కలనిన మనకు విసుగు. అయినను పల్లెలో శిశువు పుట్టి మూడు దినములలో పోయినచో ఆ సంగతి ఏ పుస్తకమునకును ఎక్కదు. పేరైనను పెట్టని బిడ్డ! తల్లి ఏడ్చి ఊరకుండును. పుస్తకమునకు ఎక్కని చావునకు మందు ఎవరు వెదకుదురు?

ఆ లెక్కలలో తేలిన సంగతి యిది: పసిపిల్లల చావులకు న్యుమోనియా ఒక పెద్ద కారణము. దానిని కనిపెట్టుటకు వైద్యులు ఒక సులువైన గురుతు చెప్పుదురు. శిశువు నిమిషమునకు ఎన్నిసార్లు ఊపిరి తీయుచున్నదో లెక్కించవలెను. రెండు నెలల లోపు బిడ్డకు అరువదికి, ఏడాదిలోపు బిడ్డకు యాభైకి, ఐదేండ్ల లోపు బిడ్డకు నలుబదికి చేరినను, మించినను అపాయము. అయితే లెక్క రాని మంత్రసాని అరువది వరకు ఎట్లు లెక్కించును? ఇందులకు వారొక పరికరము చేసిరి. ఒక నిమిషములో క్రిందికి జారు ఇసుక గడియారము, దాని ప్రక్కన పూసలు. పది ఊపిరులకు ఒక పూస జరుపవలెను. ఇసుక జారిపోక ముందే ఎర్రపూస వంతు వచ్చినచో బిడ్డకు జబ్బు. చదువు రాని అమ్మ చేతిలో ఆ పూసలు డాక్టరు చెవిగొట్టము వలె పనిచేసినవి. మాకు ఈ ఉదంతములో అన్నిటికంటె ఎక్కువగా నచ్చినది ఈ పూసల సంగతియే. చదువు రాదు గనుక నీకు చేతకాదు అని ఆమెను వెనుకకు పంపలేదు. ఆమెకు వచ్చిన దానితోనే పని సాగించిరి.

తరువాత వారు పురిటి బిడ్డల వైపు చూచిరి. అప్పుడా పల్లెలలో దాదాపు అన్ని కాన్పులును ఇంటిలోనే. 1995, 96 సంవత్సరములలో పుట్టిన బిడ్డలను మొదటి దినము నుండి కనిపెట్టి చూడగా, సగమునకు మించినవారికి ఏదో ఒక వైద్యసహాయము కావలసివచ్చినట్లు తేలినది. అది దొరకినవారు నూటికి ముగ్గురైనను లేరు. పురిటి బిడ్డను బయటికి తీసికొనిపోరాదనునది ఆచారము. డబ్బు లేదు, దారి లేదు. కావున వైద్యమే ఇంటికి పోవలెనని వారు నిశ్చయించిరి. 39 గ్రామములను ఎన్నుకొని, ఐదు నుండి పది తరగతుల వరకు చదివిన ఊరి స్త్రీలకు శిక్షణ ఇచ్చిరి. ఆమె కాన్పు వేళ మంత్రసాని ప్రక్కన కూర్చుండును. బిడ్డ ఏడువనిచో సంచి, ముసుగు గల చిన్న సాధనముతో ఊపిరి ఊదును. తూకము వేయును. ఒంటి వేడి చూచును. చిన్నబిడ్డను వెచ్చని సంచిలో చుట్టబెట్టుట నేర్పును. రక్తము విషమించినదని గుర్తించినచో, తల్లిదండ్రుల అనుమతితో, తానే సూదిమందు వేయును. దీనిని కొందరు వైద్యులు అప్పట్లో అనుమానించిరి. పదవ తరగతి దాటని పల్లె పడుచు పసికందుకు సూది వేయుటయా యని.

ఫలితము 1999లో ‘లాన్సెట్’ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో వెలువడినది. పనికి పూర్వము ఆ 39 గ్రామములందు పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో 62 మంది నెల తిరుగక ముందే పోవుచుండిరి. మూడవ సంవత్సరమునకు ఆ సంఖ్య 25కు దిగినది. ఈ సేవ లేని ప్రక్క గ్రామములందు, 47 ఊళ్లలో, అది 60 దగ్గరనే నిలిచియుండెను. అంతకు ముందు లేని ఆస్పత్రి నడుమ వెలసినది లేదు, రోడ్లు మారినది లేదు, ఆ ఊళ్ల బీదతనము తీరినది లేదు. మారినది ఊరిలో ఆ మనిషి ఉండుటయే.

ఇక మన ఇంటికి వత్తము. 2002లో ఛత్తీస్‌గఢ్ వారు ‘మితానిన్’ అను పేర గూడెమునకొక స్త్రీని ఆరోగ్య సేవకు నిలిపిరి. 2005 ఏప్రిల్ 12వ తేదీన కేంద్ర ప్రభుత్వము జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌ను ప్రారంభించి, ఆశా కార్యకర్తల ఏర్పాటు చేసెను. వేయి మందికి ఒకరు. కొండ ప్రాంతములందు ఆ సంఖ్య చూడక గూడెమునకొకరిని నియమించుటకు వీలు కల్పించిరి. ఈసారి పాత తప్పు జరుగకుండ స్త్రీయే కావలెననిరి, ఆ ఊరిలోనే కాపురముండు మనిషి కావలెననిరి. 2011లో గడ్చిరోలి అనుభవమును అనుసరించి, పురిటి బిడ్డను ఇంటికి పోయి చూచుట ఆశా కార్యకర్తల విధులలో చేర్చిరి. ఆస్పత్రిలో కాన్పు జరిగినచో మూడవ దినము, ఏడవ దినము, పదునాలుగవ దినము, ఇరువదియొకటవ దినము, ఇరువదియెనిమిదవ దినము, నలుబదిరెండవ దినము, మొత్తము ఆరు మారులు ఆమె మీ గడప తొక్కవలెను. ఇంటిలోనే కాన్పు అయినచో మొదటి దినము కూడ రావలెను. ఆ పిమ్మట 2018 నుండి బిడ్డకు మూడవ నెల మొదలు పదునైదవ నెల వరకు మూడు నెలలకొకమారు వచ్చుట కూడ చేర్చబడినది. మన ఆశా కార్యకర్త గడ్చిరోలి సేవిక వలె సూది వేయదు. గుర్తుపట్టి పంపుట ఆమె పని.

“ఇప్పుడు కాన్పులన్నియు ఆస్పత్రిలోనే గదా, ఇంటికి వచ్చి చూచుట ఎందులకు?” అని కొందరు పెద్దలు మమ్మడుగుచున్నారు. ప్రశ్న సబబైనదే. 2019 నుండి 21 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 మందికి పైగా తల్లులు ఆస్పత్రిలోనే ప్రసవించిరి. సంతోషము. కాని ఆస్పత్రి వారు తల్లిని రెండు మూడు దినములలో ఇంటికి పంపుదురు. నెలలోపు పోవు శిశువులలో నూటికి డెబ్బదియైదుగురు మొదటి వారములోనే పోవుదురని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా ఆ వారములో సగము దినములకు పైగా బిడ్డ మీ ఇంటిలోనే ఉన్నది. మిగిలిన నూటికి ముగ్గురు నలుగురు, ఇంటిలో కనినవారు, ఎక్కడి వారో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ కొండల వారి వంటివారే.

సరే, ఆమె మీ ఇంటికి వచ్చినది. అప్పుడేమి జరుగును? చాల ఇండ్లలో అత్తగారు గడప దగ్గర కూర్చుండి, “నలుగురు బిడ్డలను కని పెంచినదానను నేను. ఈ పిల్ల నిన్నగాక మొన్న పుట్టినది, నాకు చెప్పవచ్చునా?” అనును. ఆమె మాటలో న్యాయము లేకపోలేదు. పెద్దల పద్ధతులన్నియు మూఢమని త్రోసివేయు వారితో మేము ఏకీభవింపము. పురిటి గదిలోనికి పదిమందిని రానీయకుండుట మంచి ఆచారము. రోగములు తెచ్చునది పదిమంది చేతులే. తల్లికి విశ్రాంతి ఇచ్చుట మంచిది. బిడ్డను తల్లి ప్రక్కనే వెచ్చగా పరుండబెట్టుట మిక్కిలి మంచిది. తక్కువ బరువు గల బిడ్డను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు కట్టి ఉంచుమని వైద్యులే చెప్పుచున్నారు.

కాని కొన్ని ఉన్నవి, వానిని విడిచిపెట్టవలెను. ముర్రుపాలు చెడుపాలని పిండి పారబోయుట అందులో మొదటిది. పసుపుపచ్చగా, చిక్కగా ఉండు ఆ పాలలోనే బిడ్డను రోగముల నుండి కాపాడు సత్తువ ఉన్నది. పుట్టిన గంటలోపల రొమ్ము అందించవలెను. ఆముదము నాకించుట, తేనె నాకించుట, చక్కెర నీరు పోయుట వలదు. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప మంచినీరు కూడ అక్కరలేదు, నడివేసవియైనను సరే. బొడ్డు మీద బూడిద, పేడ, నూనె ఏదియు రాయరాదు. అది ఆరి తనంతట తానే ఊడును. పుట్టగానే నీళ్లు పోయరాదు. ఒక దినము ఆగవలెను. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరితిత్తులకు చేటు. ఇవి చెప్పుట సులభము. పాటించుట, మూడు తరముల అలవాటు మానుట, అంత సులభము కాదు. కావుననే ఆశమ్మ ఒకమారు చెప్పి పోక, ఆరుమారులు వచ్చి చెప్పవలసియున్నది.

ఆమె సంచిలో నుండు వస్తువులు కొన్నియే. ఒక త్రాసు, ఒక జ్వరమాని, ఊపిరి లెక్కించుటకు గడియారము, ఒక దుప్పటి, చెంచా. త్రాసులో రెండున్నర కిలోలకు తక్కువైన బిడ్డ తక్కువ బరువు బిడ్డ; దానిని మరింత కనిపెట్టి చూడవలెను. జ్వరమానిలో వేడి ఎక్కువైనను, తక్కువైనను అపాయమే. మనకు జ్వరమనిన భయము గాని చలి యనిన భయము లేదు. పసిబిడ్డకు ఒళ్లు చల్లబడుట జ్వరమంత ప్రమాదము. కొండల మీద పుష్య మాసపు రాత్రులెట్లుండునో మీకు మేము చెప్పనేల?

తల్లులు ఈ గురుతులను జ్ఞాపకముంచుకొనవలెను. బిడ్డ పాలు త్రాగుట మానినదా, ఏడుపు సన్నగిల్లినదా, ఒళ్లు తోటకూర కాడవలె వాలిపోయినదా, ఊపిరి తీసినపుడు డొక్కలు లోనికి పోవుచున్నవా, అరచేతులు అరికాళ్లు పచ్చబడినవా, బొడ్డున చీము కనబడినదా, ఫిట్సు వచ్చినదా, ఆలోచించుటకు తావు లేదు. అప్పుడు దిసారి వద్దకు పోవలదని మేము చెప్పము. అది మీ విశ్వాసము. కాని దిసారి పూజ ముగియు వరకు డోలీని ఆపవలదు. కొన్ని గూడెములందు దిసారులే “ముందు ఆస్పత్రికి పొండు, పూజ నేను చేసియుంచెదను” అని చెప్పి పంపుచున్నట్లు విన్నాము. అట్టివారిని ఆశమ్మ చుట్టముగా చేసికొనవలెను.

పురిటి బిడ్డలే కాదు, ఆమె చేయు పని మరియు కలదు. కొండలలో మలేరియా ఉన్నది. వ్రేలి నుండి ఒక బొట్టు నెత్తురు తీసి, ఇంటి అరుగు మీదనే పావుగంట, ఇరువది నిమిషములలో జబ్బు ఉన్నది లేనిది తేల్చి మాత్రలిచ్చును. విరేచనములు పట్టిన బిడ్డకు ఉప్పు పంచదారల పొట్లము, దానితోపాటు పదునాలుగు దినములు జింకు మాత్ర ఇచ్చును. రెండు దినములకే విరేచనములు కట్టినవని ఆ మాత్ర మానువారు చాలమంది, మానరాదు. క్షయరోగి చేత మందు మ్రింగించును. టీకాల దినమున తల్లులను కేకవేసి తెచ్చును. నెలలు నిండిన గర్భిణిని ముందుగానే క్రిందికి చేర్చుటయు ఆమె చూచుకొనును. సాలూరు వంటి చోట్ల కొండల మీది గర్భిణుల కొరకు వసతి గృహములు ఏర్పరచినారు. కాన్పు గడువునకు ముందే వచ్చి అక్కడ నుండవచ్చును. ఇంటిలో మేకలను ఎవరు చూతురు, పెద్దపిల్లకు అన్నము ఎవరు వండుదురు అని తల్లులు వచ్చుటకు వెనుదీయుచున్నారు. మహిళా సంఘముల వారు ఆలోచింపవలసిన సంగతి యిది. ఆ నాలుగు దినములు ఆ పిల్లలకు ఇంత గంజి పోయుటకు ఇరుగుపొరుగు వారుండిరేని తల్లి డోలీ ఎక్కవలసిన అగత్యము తప్పును.

ఇప్పుడు మరొక సంగతి. ఆశా కార్యకర్తల కష్టములను మీ యెదుట దాచిపెట్టిన మా ఉద్యోగము సగమే చేసినట్లగును. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు మన దేశపు పది లక్షల ఆశా కార్యకర్తలను తమ నాయకత్వ పురస్కారముతో గౌరవించిరి. కోవిడ్ కాలమున ఇంటింటికి తిరిగిన వారు వీరే. పురస్కారము గొప్పదే. కాని నేటికిని కేంద్ర పథకములో ఆమె పేరు స్వచ్ఛంద కార్యకర్తయే గాని ఉద్యోగి కాదు. చేసిన పనిని బట్టి ప్రోత్సాహకము. పురిటి బిడ్డను నలుబదిరెండు దినములు చూచినందులకు 250 రూపాయలు. మన రాష్ట్రమున 2019 నుండి నెలకు పదివేల రూపాయలు గౌరవ వేతనముగా నిర్ణయించినారు. 2025లో ప్రసూతి సెలవు 180 దినములు, విరమణ వయస్సు 62 సంవత్సరములు అని ప్రభుత్వము ప్రకటించినది. మేలైన చర్యలే. అయినను ఆమె చెప్పుకొను ఇబ్బందులు ఇంకను కలవు. డబ్బు నెలల తరబడి ఆలస్యమైన సందర్భములు కలవు. వ్రాయవలసిన పుస్తకములు పెరిగినవి. వానికి తోడు ఫోనులో నింపవలసిన వివరములు. గూడెమున సిగ్నలు ఉండదు. సిగ్నలు దొరకు బండ వరకు కొండ ఎక్కి, అక్కడ కూర్చుండి, ఆ దినపు వివరములు పంపి దిగవలెను. ఆ గంట ఏ బిడ్డ వద్దనో గడపవలసిన గంట. ఈ విన్నపమును మేము పై అధికారులకు వ్రాతమూలముగా అందజేయుచున్నాము. ఈ సభలో చెప్పినందువలన దానికి కొంత బలము కూడ చేకూరగలదు.

అధికారులు చేయవలసినవి పోగా, పంచాయతీ చేయదగినవి కొన్ని కలవు. స్థానము ఖాళీయైనపుడు గ్రామసభలో, అందరి యెదుట, ఆ గూడెపు భాష మాటలాడు స్త్రీని ఎన్నుకొనుడు. బంధుత్వము చూడకుడు. చదువు తక్కువైనదని తిరస్కరించుటకు ముందు, ఆ నియమము కొండ ప్రాంతములందు సడలించబడగలదని జ్ఞాపకముంచుకొనుడు. రాత్రివేళ గర్భిణితో పాటు ఆస్పత్రికి పోయిన ఆశమ్మ తెల్లవారుజామున ఒంటరిగా అడవిదారిని తిరిగివచ్చుచున్నది. ఆస్పత్రి వద్ద ఆమె కూర్చుండుటకు బల్ల కూడ ఉండదు. తోడుగా పోయిన మగవారు ఆమెను అక్కడ విడిచి రారాదు. ఊరిలో ప్రసవించిన తల్లి, బిడ్డ క్షేమముగా తిరిగి వచ్చిన నాడు చుట్టములందరికి భోజనము పెట్టుచున్నారు గదా, ఆ పంక్తిలో ఆశమ్మకు ఒక విస్తరి వేయుడు. ఆమె ఏ కులమైనను సరే, ఏ తెగయైనను సరే. ఈ మాట చెప్పవలసి వచ్చుట విచారకరమే, కాని చెప్పవలసియున్నది.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునకు సంవత్సరమునకు పదివేల రూపాయల వరకు నిర్బంధము లేని నిధి ఇచ్చుటకు ఏర్పాటున్నది. సంఘమున్నదనియే ఎరుగని సభ్యులు మాకు చాలచోట్ల తారసపడినారు. ఆ నిధిని ఊరి ఆరోగ్యమునకై సంఘము తీర్మానము ద్వారా ఖర్చుచేయవచ్చును. మిక్కిలి బీదకుటుంబమును ఆపదలో ఆస్పత్రికి చేర్చుటకు కూడ వాడవచ్చును. నేడు మధ్యాహ్నము ఇక్కడికి వచ్చిన నర్సమ్మగారి వద్ద ఆ సంఘముల సభ్యుల పట్టికలు ఉన్నవి. భోజనములైన పిదప ప్రతి గూడెపు వారును తమ పట్టికను చూచుకొని, చనిపోయినవారి పేర్లు, ఊరు విడిచిపోయినవారి పేర్లు తీసివేయించి, డోలీ మోయుటకు సిద్ధముగా నుండు నలుగురి పేర్లను, వారి ఫోను నంబర్లను వేరొక కాగితము మీద వ్రాసి ఆశమ్మకు ఇచ్చి పొండు. ఆ కాగితము ఆమె ఇంటి తలుపు వెనుక అంటించుకొనును.